తయారీ ముగిసినా ఆకు ఆగదు: టీ పరిమళం ఎక్కడ పుడుతుంది, ఎలా పోతుంది

క్లుప్తంగా: టీ వాసన మొక్కలో సిద్ధంగా ఉండదు. ఆకు వాడి, నలిగి, గాలి తగిలి, వేడెక్కే క్రమంలో పుడుతుంది. ఆ మార్పులను ఏ దశలో ఆపారన్నదే గ్రీన్ టీకి, బ్లాక్ టీకి, వాటి నడిమి రకమైన ఊలాంగ్‌కు మధ్య ఉన్న తేడా. ఆరబెట్టడంతో మార్పులు బాగా నెమ్మదిస్తాయే తప్ప పూర్తిగా ఆగవు. అందుకే ఏ టీ ఎంతకాలం నిలుస్తుందన్నది డబ్బా కంటే ముందే, తయారీలోనే చాలావరకు తేలిపోతుంది.

టీ గురించి ఒకదానికొకటి పొసగని సలహాలు రెండు ప్రచారంలో ఉన్నాయి. తాజాది కొనాలి, త్వరగా వాడేయాలి అన్నది ఒకటి. ఎంత పాతదైతే అంత శ్రేష్ఠం అన్నది రెండోది. పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు నిల్వ ఉంచామంటూ అమ్మే టీ బిళ్లల వ్యాపారం ఈ రెండో మాట మీదే నడుస్తోంది. రెండు మాటలూ నిజమే. కాకపోతే రెండూ ఒకే టీ గురించి చెప్పినవి కావు. ఏది దేనికి వర్తిస్తుందో తెలియాలంటే కోసిన క్షణం నుంచి ఆకులో జరిగేదేమిటో చూడాలి.

## ఒకే మొక్క నుంచి ఇన్ని రకాలు

గ్రీన్ టీ, బ్లాక్ టీ వేర్వేరు మొక్కల నుంచి వస్తాయని యూరప్ చాలాకాలం నమ్మింది. జీవజాతుల వర్గీకరణకు ఆద్యుడైన లినేయస్ సైతం 1762లో వాటికి రెండు వేర్వేరు జాతుల పేర్లు పెట్టాడు. 1840లలో చైనా తేయాకు తోటల్లో తిరిగిన స్కాట్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫార్చ్యూన్, రెండూ ఒకే మొక్క ఆకుతో తయారవుతున్నాయని కళ్లారా చూసి రాశాకే ఆ అపోహ సడలింది.

కమెల్లియా సినెన్సిస్ అనే ఆ మొక్కలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. చిన్నాకుల చైనా రకంలో గులాబీని తలపించే జెరానియోల్ పాలు ఎక్కువ. పెద్దాకుల అస్సాం రకంలో లినాలూల్ అనే మరో పరిమళ ద్రవ్యానిది పైచేయి. రంగుకు, వగరుకు మూలమైన కాటెచిన్లు కూడా అస్సాం రకంలోనే ఎక్కువగా ఉంటాయి. డార్జిలింగ్ టీ సువాసనకు, అస్సాం టీ చిక్కదనానికి పేరుపడటం వెనక ఈ జన్యు భేదం ఉంది. అయితే రకం, నేల, ఎత్తు, కోసిన రుతువు అన్నీ కలిసి ఇచ్చేది ముడిసరుకు మాత్రమే. ఒకే తోటలో ఒకే రోజు కోసిన ఆకును మూడు కుప్పలు చేసి మూడు పద్ధతుల్లో నడిపిస్తే, మూడింటికీ పోలికే లేదనిపించే మూడు పానీయాలు వస్తాయి.

## కోసిన ఆకుకు ఇంకా ప్రాణం ఉంటుంది

పచ్చి తేయాకును వేళ్ల మధ్య నలిపి వాసన చూస్తే టీ గుర్తుకు రాదు. ఏ చెట్టు ఆకు నలిపినా వచ్చే పచ్చి వాసనే వస్తుంది. పూల వాసననిచ్చే లినాలూల్, జెరానియోల్ వంటివి ఆకులో చక్కెరలతో ముడిపడి ఉండటమే ఇందుకు కారణం. అలా ముడిపడి ఉన్నంతసేపు అవి ఆవిరి కాలేవు, ముక్కును చేరలేవు. ఆ ముడి విప్పే ఎంజైము కూడా అదే ఆకులో ఉంటుంది గానీ వేరే చోట, కణాల గోడల దగ్గర ఉంటుంది. కాటెచిన్ల సంగతీ అంతే. లేత చిగుళ్ల ఎండు బరువులో సుమారు 20 నుంచి 30 శాతం దాకా ఉండే ఇవి కణంలోని రసపు సంచిలో నిలవ ఉంటాయి. వాటిని ఆక్సీకరించే పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఆ సంచికి వెలుపల ఉంటుంది. కణాలు చెక్కుచెదరనంత కాలం ఇవి ఒకదాన్నొకటి కలవవు. టీ తయారీ అంతా ఆ అడ్డుగోడలను ఎప్పుడు, ఎంత మేరకు కూల్చాలి, కూల్చాక మొదలైన పనిని ఎప్పుడు నిలిపేయాలి అన్న నిర్ణయాల చుట్టూ తిరుగుతుంది.

ఇంకో సంగతి తరచూ మరుగున పడుతుంది. కోసిన తర్వాత కూడా ఆకు గంటల తరబడి బతికే ఉంటుంది. శ్వాసిస్తుంది, వేడి పుట్టిస్తుంది. సంచుల్లో కుక్కి, ఎండలో ఉంచి ఫ్యాక్టరీకి తెస్తే మధ్యలో ఉన్న ఆకు వేడెక్కి, అక్కడక్కడ ఎర్రబారిపోతుంది. అంటే ఎవరూ మొదలుపెట్టకుండానే ఆక్సీకరణ మొదలైందన్నమాట. అలా కందిన ఆకును తర్వాత ఏ యంత్రమూ బాగుచేయలేదు. నాణ్యత మొదటిసారి దెబ్బతినేది తరచుగా ఫ్యాక్టరీ గేటుకు ఇవతలే.

బతికున్న ఆకు దెబ్బకు స్పందించడం వల్ల లాభమూ ఉంది. తైవాన్‌లో ఓరియంటల్ బ్యూటీ అనే ఊలాంగ్ తయారు చేసేవారు పచ్చదోమ కుట్టిన ఆకునే ఏరి కోస్తారు. ఆ చిన్న పురుగు రసం పీల్చినప్పుడు మొక్క ఆత్మరక్షణ కోసం తయారుచేసుకునే పదార్థాలు, తర్వాత ఆ టీలో తేనెను, పండిన ద్రాక్షను తలపించే పరిమళంగా మారతాయి. డార్జిలింగ్‌లో వేసవి కోతకు వచ్చే మస్కటెల్ అనే ద్రాక్ష తరహా వాసన వెనకా ఈ దోమ కుట్టు పాత్ర ఉంది. పురుగుమందు కొట్టి దోమను పూర్తిగా తుడిచేస్తే ఆకు అందంగా ఉంటుంది, వాసన మాత్రం మామూలైపోతుంది.

## వాడబెట్టడం: తొందరపడితే తేలిపోయే దశ

తోట నుంచి వచ్చిన ఆకులో 75 నుంచి 80 శాతం నీరే. దాన్ని పొడవాటి తొట్ల మీద అమర్చిన వలపై పరిచి, కింది నుంచి ఫ్యాన్లతో గాలి పంపుతారు. బ్లాక్ టీకైతే ఇది సాధారణంగా 12 నుంచి 18 గంటల పని. ఆకును మెలిపెట్టే సంప్రదాయ పద్ధతికి తేమ 60 శాతం చుట్టుపక్కలకు, ముక్కలు చేసే పద్ధతికి 70 శాతం దగ్గరకు దించుతారు. సరిగా వాడిన ఆకును గుర్తుపట్టడానికి పరికరం అక్కర్లేదు. కాడను వంచితే విరగకుండా వంగుతుంది. గుప్పిట్లో పట్టి నొక్కి వదిలితే ముద్దగా నిలిచి, నెమ్మదిగా విచ్చుకుంటుంది.

నీరు పోవడం కంటికి కనిపించే సగం మాత్రమే. మిగతా సగం రసాయనికం. ప్రొటీన్లు విడిపోయి అమైనో ఆమ్లాలు పెరుగుతాయి. కెఫీన్ కాస్త పెరుగుతుంది. కొవ్వు పదార్థాలు విరిగి పచ్చి వాసన ద్రవ్యాలు పుడతాయి, వాటిలో కొంత భాగం ఎగిరిపోతుంది. ఈ మార్పులన్నిటికీ కావలసింది సమయం. వేడిగాలి కొట్టి మూడు నాలుగు గంటల్లో నీటిని తరిమేయవచ్చు, కానీ రసాయనిక మార్పును అలా తరమడం కుదరదు. కోత ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో ఫ్యాక్టరీలు చేసే ఈ తొందర కప్పులో పచ్చి వాసనగా, మొద్దు వగరుగా బయటపడుతుంది.

## నలిపే తీరు, గాలి తగిలే వేళ

సంప్రదాయ పద్ధతిలో రోలింగ్ బల్లలు ఆకును ఒత్తిడితో మెలిపెడతాయి. కణాలు పాక్షికంగా చిట్లి రసం పైపూతలా ఆకుకు అంటుకుంటుంది. ఆకు ఆకుగానే మిగులుతుంది. 1930ల తొలినాళ్లలో అస్సాంలో విలియం మెకర్చర్ రూపొందించిన సీటీసీ (క్రష్, టియర్, కర్ల్) యంత్రం ఈ లెక్కను మార్చేసింది. పళ్లున్న రెండు రోలర్లు వేర్వేరు వేగాలతో, ఒకటి మరొకదానికి దాదాపు పదింతల వేగంతో తిరుగుతూ ఆకును చిదిమి, చీల్చి, గింజలుగా చుడతాయి. కణాలన్నీ దాదాపు ఒకేసారి పగిలిపోతాయి. సంప్రదాయ పద్ధతిలో రెండు మూడు గంటలు పట్టే ఆక్సీకరణ ఇందులో గంట, గంటంపావులో ముగుస్తుంది. డికాషన్ త్వరగా దిగుతుంది, రంగు చిక్కగా వస్తుంది, పాలు పోసినా చప్పబడదు. దానికి చెల్లించిన మూల్యం పరిమళం. అంత వేగవంతమైన ప్రక్రియలో సున్నితమైన వాసనలు కూడగట్టుకునే వ్యవధి ఉండదు. సీటీసీని నాసిరకమని తీసిపారేయడం సరికాదు. అది సువాసన కోసం కాక బలం కోసం చేసుకున్న ఎంపిక.

కణాలు చిట్లగానే మొదలయ్యేది కోసిన ఆపిల్ ముక్క గోధుమరంగుకు తిరగడం లాంటి మార్పే. ఎంజైము సాయంతో గాలిలోని ఆక్సిజన్ కాటెచిన్లను జతచేస్తుంది. మొదట థియాఫ్లావిన్లు తయారవుతాయి. ఇవి నారింజ రంగులో మెరుస్తూ, నాలుకకు చురుకుదనాన్ని ఇస్తాయి. ఇంకా ముందుకు వెళ్తే థియారూబిజిన్లు వస్తాయి. ఎరుపు గోధుమ రంగు, చిక్కదనం వీటి చలవ. థియాఫ్లావిన్లు ఒక గరిష్ఠ స్థాయికి చేరి, ఆ తర్వాత తగ్గుముఖం పడతాయి. ఆ శిఖరం దాటాక గంట నిలిపినా టీకి రంగు పెరుగుతుంది గానీ జీవం తగ్గుతుంది. గది వేడిగా ఉంటే శిఖరం త్వరగా వచ్చి త్వరగా దాటిపోతుంది. అందుకే ఈ గదులను చల్లగా, తేమగా ఉంచుతారు.

పరిమళం కూడా ఈ రంగు మార్పుకు సమాంతరంగానే పుడుతుంది. ఆక్సీకరణ చెందిన కాటెచిన్లు ఊరుకోవు, పక్కనున్న వాటినీ మారుస్తాయి. అమైనో ఆమ్లాల నుంచి తేనె వాసననిచ్చే ఫినైల్ అసిటాల్డిహైడ్, ఆకులోని పసుపు వర్ణకాల నుంచి పూల వాసననిచ్చే అయనోన్లు పుడతాయి. వాడబెట్టేటప్పుడు అమైనో ఆమ్లాలు పెరగడం ఎందుకంత ముఖ్యమో ఇక్కడ అర్థమవుతుంది. అక్కడ మిగుల్చుకున్నదే ఇక్కడ ఖర్చుకు వస్తుంది. చక్కెరల ముడి వీడి లినాలూల్, జెరానియోల్ స్వేచ్ఛగా బయటపడేదీ ముఖ్యంగా ఈ దశలోనే.

## వేడి ముందు తగిలితే గ్రీన్ టీ

ఇదే ఆకుకు నలగకముందే వేడి తగిలిస్తే ఎంజైములు నశిస్తాయి, ఆక్సీకరణ మొదలవదు. గ్రీన్ టీ సూత్రం అంతే. కానీ ఆ వేడిని ఎలా తగిలించారన్నదాన్ని బట్టి వాసన పూర్తిగా వేరవుతుంది. జపాన్‌లో ఎక్కువగా ఆవిరి పడతారు. అక్కడి వాడుక గ్రీన్ టీ అయిన మామూలు సెంచాకు అర నిమిషం అటూఇటూ, లోతుగా ఆవిరి పట్టే రకానికి నిమిషం పైన. తడి వేడిలో ఆకు పచ్చదనం నిలుస్తుంది, సముద్రపు నాచును తలపించే వాసన వస్తుంది. డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధక సమ్మేళనం దీనికి మూలం. చైనాలో ఎక్కువగా వేడి మూకుడులో వేయిస్తారు. హాంగ్‌ఝౌ దగ్గరి లాంగ్‌జింగ్‌ను మూకుడు గోడకు అరచేత్తో అదుముతూ చేస్తారు కనుకే ఆకు బల్లపరుపుగా ఉంటుంది. పొడి వేడిలో చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి వేయించిన గింజల వాసన పుట్టిస్తాయి.

జపాన్‌లోని గ్యోకురో, పొడిగా విసిరి వాడే మచ్చా అనే గ్రీన్ టీలకు తయారీ తోటలోనే మొదలవుతుంది. కోతకు సుమారు మూడు వారాల ముందు నుంచి మొక్కలకు నీడ కప్పుతారు. ఎండ తగిలితే థియానిన్ అనే అమైనో ఆమ్లం కాటెచిన్ల తయారీకి ఖర్చవుతుంది. నీడలో అది మిగిలిపోతుంది. కమ్మదనం హెచ్చి, వగరు తగ్గుతుంది.

ఊలాంగ్ ఈ రెంటికీ మధ్యది అనడం పరిపాటి. ఆక్సీకరణ శాతం వరకు ఆ మాట సరైనదే, వాసన విషయంలో కాదు. ఊలాంగ్ తయారీలో ఆకును కాసేపు కదిలించి, కాసేపు విశ్రాంతినిచ్చి, మళ్లీ కదిలిస్తారు. రాత్రంతా సాగే ఈ పనిలో ఆకు అంచులు మాత్రమే గాయపడి ఎర్రబడతాయి, నడిభాగం పచ్చగానే ఉంటుంది. చనిపోకుండా పదేపదే గాయపడిన ఆకు నెరోలిడోల్, ఇండోల్, జాస్మిన్ లాక్టోన్ వంటి పూల వాసనలను తయారుచేస్తుంది. మల్లె పూలలో కనిపించే ఇండోల్ ఇక్కడ పువ్వు అవసరం లేకుండానే పుడుతుంది. గ్రీన్ టీనీ బ్లాక్ టీనీ సగం సగం కలిపితే ఊలాంగ్ రాకపోవడానికి కారణమిదే.

వైట్ టీది చాలా సరళమైన దారి. నలపడం, వేయించడం లేకుండా దీర్ఘంగా వాడనిచ్చి ఆరబెట్టడమే. ఎల్లో టీలో వేడి తగిలిన ఆకును తడిగా ఉండగానే కప్పిపెట్టి పచ్చి వాసనను తగ్గిస్తారు.

## ఆరబెట్టడం: నిల్వ భవితవ్యం తేలేది ఇక్కడే

ఆరబెట్టడాన్ని చాలామంది లాంఛనంగా చూస్తారు. కానీ నిల్వకు సంబంధించిన సగం సమస్యలకు మూలం ఇక్కడే ఉంటుంది. బ్లాక్ టీని 90 డిగ్రీలకు పైబడిన వేడిగాలితో, సుమారు 20 నిమిషాల్లో 3 శాతం తేమకు దించుతారు. ఈ వేడి ఎంజైములను ఆపుతుంది, మిగిలిన పచ్చి వాసనను తరిమేస్తుంది, కొన్ని కొత్త వాసనలను పుట్టిస్తుంది. అదే వేడి ఎంతో శ్రమపడి కూడగట్టిన పూల వాసనల్లో కొంత భాగాన్ని కూడా ఎగరగొడుతుంది. ఆరబెట్టే గది చుట్టూ ఘుమఘుమలాడుతోందంటే ఆ మేరకు పరిమళం ఆకును వదిలేసిందనే అర్థం.

మరీ ఎక్కువ వేడితో మొదలుపెడితే గింజ పైభాగం గట్టిపడి పెంకులా మారుతుంది. లోపలి చెమ్మ బయటికి రాలేదు. కొలిస్తే సగటు తేమ సరిగానే కనిపించవచ్చు, కానీ లోపల మిగిలిన చెమ్మ నెమ్మదిగా పైకి చేరి కొన్ని వారాల్లో టీని పాడుచేస్తుంది. మరీ తక్కువ వేడితో నెమ్మదిగా ఆరబెడితే ఎంజైములు చావక ఆక్సీకరణ సాగిపోతూనే ఉంటుంది. ఆ టీ తాగితే ఉడికిపోయినట్టు, చప్పగా ఉంటుంది. వేడికి ఒకింత ఎక్కువగా తట్టుకునే పెరాక్సిడేజ్ అనే ఎంజైము పూర్తిగా నశించకపోతే, తర్వాత చెమ్మ తగిలినప్పుడు మళ్లీ పని మొదలుపెడుతుంది.

అందుకే రెండు ప్యాకెట్లు ఒకే అలమరలో ఒకే రీతిలో ఉన్నా ఒకటి ఏడాది నిలిచి, మరొకటి మూడు నెలల్లో చప్పబడుతుంది.

## డబ్బాలో ఏం జరుగుతుంది

టీకి చెమ్మ, గాలి, వేడి, వెలుతురు, పరాయి వాసన అనే అయిదు శత్రువులని చెబుతారు. జాబితా సరైనదే కానీ అయిదింటికీ సమాన బలం లేదు. అసలు శత్రువు చెమ్మ. మిగతావి దాని అండతోనే విజృంభిస్తాయి.

తేమ 3 శాతం దగ్గర ఉన్నప్పుడు ఆకులోని నీరు పదార్థాలకు పలుచని పొరలా అంటిపెట్టుకుని ఉంటుంది, రసాయనిక చర్యలకు అందుబాటులో ఉండదు. 6, 7 శాతం దాటితే ఆ నీరు కదలడం మొదలవుతుంది. థియాఫ్లావిన్లు తరుగుతాయి, డికాషన్ మెరుపు తగ్గి మసకబారుతుంది. ఇంకా పెరిగితే బూజుకు చోటు దొరుకుతుంది. ఎండిన తేయాకు చుట్టూ ఉన్న గాలి నుంచి చెమ్మను ఆబగా పీల్చుకునే రకం. వానాకాలంలో మూత తీసి పెట్టిన డబ్బాలో తేమ పెరగడానికి వారాలు అక్కర్లేదు.

గాలి చేసే హాని రెండు విధాలు. పరిమళం దాని వెంట ఎగిరిపోతుంది. అది పోగా మిగిలిన కొవ్వు పదార్థాలు ఆక్సీకరణ చెంది కొత్త వాసనలు పుడతాయి. పాత గ్రీన్ టీలో వచ్చే ముక్కిన నూనె వాసన ఈ రెండోదే. వాసన పోవడం ఒక నష్టం, చెడు వాసన రావడం ఇంకో నష్టం. రెంటినీ ఒకటిగా చూడకూడదు. మొదటి నష్టంతో టీ చప్పబడుతుంది, రెండోదానితో తాగబుద్ధి కాకుండా పోతుంది.

వెలుతురు గ్రీన్ టీకి ప్రత్యేకంగా గిట్టదు. పత్రహరితం వెలుతురులో విరిగి ఆకు ఆకుపచ్చ నుంచి గోధుమరంగుకు తిరుగుతుంది. గాజు సీసాలో కిటికీ దగ్గర అందంగా కనిపించే గ్రీన్ టీ వేగంగా పాడయ్యే గ్రీన్ టీ. వేడి విషయంలో రసాయనశాస్త్రపు మోటు లెక్క ఒకటుంది: ప్రతి 10 డిగ్రీలకు చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. పొయ్యి పక్కనున్న అలమర కంటే చల్లని గదిలోని అలమర టీకి ఎందుకు మేలో ఈ లెక్కే చెబుతుంది. ఇన్నిటి మధ్య మారకుండా నిలిచేది కెఫీన్ ఒక్కటే. పాత టీ నిద్రను ఆపగలదు, మనసును ఆకట్టుకోలేదు.

పరాయి వాసనను పట్టుకునే గుణాన్ని తయారీదారులే వాడుకున్నారు కూడా. చైనా మల్లె టీ తయారీలో, రాత్రి విచ్చుకునే మొగ్గలను ఎండిన తేయాకుతో కలిపి పరుస్తారు. తెల్లారేసరికి టీ వాసనతోపాటు పూల చెమ్మనూ పీల్చుకుంటుంది. అందుకే పూలను తీసేసి ఆకును మళ్లీ ఆరబెడతారు. మేలురకాలకు ఈ తతంగం పలుమార్లు జరుగుతుంది. మల్లెను పట్టుకున్న అదే గుణం సబ్బునూ, ఇంగువనూ, కొత్త అట్టపెట్టెనూ పట్టుకుంటుంది.

## ఏ టీ ఎంతకాలం

తయారీలో ఎంత మార్పును ఆపేశారో, నిల్వలో అంత మార్పుకు ఆస్కారం మిగిలి ఉంటుంది. ఇది మినహాయింపుల్లేని నియమం కాదు గానీ చాలావరకు పనికొచ్చే సూత్రం. గ్రీన్ టీలో కాటెచిన్లు, పత్రహరితం, విటమిన్ సి దాదాపు యథాతథంగా ఉంటాయి కనుక పాడవడానికి ఉన్నది ఎక్కువ. కొద్ది నెలల్లోనే తేడా తెలుస్తుంది. జపాన్‌లో టోకు నిల్వదారులు దాన్ని శీతల గిడ్డంగుల్లో ఉంచేది ఇందుకే. మచ్చా అన్నిటికన్నా సున్నితం. తిరగలిలో కొన్ని మైక్రాన్ల పొడిగా విసిరిన దానికి గాలి తగిలే ఉపరితలం విపరీతంగా పెరుగుతుంది. ఒక తిరగలి గంటకు 40 గ్రాములకు మించి విసరలేకపోవడానికి కూడా కారణం ఉంది: వేగం పెంచితే రాపిడి వేడికి వాసన పోతుంది.

బ్లాక్ టీలో మార్పు చాలావరకు జరిగిపోయింది కనుక సరైన మూతలో ఏడాది, రెండేళ్లు నిలకడగా ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన బ్లాక్ టీలో ఉండే కరుకుదనం కొన్ని వారాల నిల్వలో తగ్గి మెత్తబడటం కూడా కద్దు. అందువల్ల తాజాదనం అనే మాటకు బ్లాక్ టీలో గ్రీన్ టీకి ఉన్నంత బరువు లేదు. ఇదే జాతిలో పొడి రకం ఆకు రకం కంటే త్వరగా పలచబడుతుంది. టీ బ్యాగుల్లో వాడేది ఎక్కువగా ఈ సన్న పొడే. కప్పులో త్వరగా దిగేది డబ్బాలోనూ త్వరగానే దిగజారుతుంది.

బొగ్గుల మీద గట్టిగా కాల్చిన ఊలాంగ్‌లు దీర్ఘకాలం నిలుస్తాయి. అవి చెమ్మ పట్టినట్టు అనిపిస్తే మళ్లీ కాల్చే ఆచారమూ ఉంది. తేలికగా చేసిన పచ్చటి ఊలాంగ్‌లను మాత్రం గ్రీన్ టీలాగే చూడాలి.

ఓడల కాలంలో ఈ లెక్కలు డబ్బుతో ముడిపడి ఉండేవి. 1866లో చైనాలోని ఫూఝౌ రేవు నుంచి కొత్త పంట టీతో బయల్దేరిన తేపింగ్, ఏరియల్ అనే తెరచాప ఓడలు 99 రోజులు ప్రయాణించి, లండన్ రేవుల్లో 28 నిమిషాల తేడాతో ఆగాయి. ముందు చేరిన సరుకుకు ఎక్కువ ధర పలికేది. మూడు నెలల పైచిలుకు సముద్రపు గాలిని తట్టుకోవడానికి టీ పెట్టెలకు లోపల సీసపు రేకు వేసేవారు. తర్వాత దాని స్థానంలో అల్యూమినియం రేకు వచ్చింది. నేటి కాగితపు బస్తాల లోపలి పొర కూడా ఆ పని కోసమే.

## పాతబడ్డా విలువ పెరిగేది

నైరుతి చైనాలోని యున్నాన్‌లో చేసే పుఎర్ అనే టీ ఈ చట్రంలో ఇమడదు. దానికి వాడే ఆకును మూకుడులో వేయిస్తారు గానీ చివర్లో ఫ్యాక్టరీ వేడితో కాక ఎండలో ఆరబెడతారు. ఎండ వేడికి ఎంజైములు, సూక్ష్మజీవులు పూర్తిగా నశించవు. అంటే మార్పుకు తలుపు ఉద్దేశపూర్వకంగానే ఓరగా తీసి ఉంచారు. అలాంటి ఆకును బిళ్లలుగా అదిమి, మధ్యస్థమైన తేమలో ఏళ్ల తరబడి ఉంచితే కాటెచిన్లు తరిగి, చేదు, వగరు మెత్తబడి, మట్టి, కలప, కర్పూరం తరహా వాసనలు వస్తాయి. హాంకాంగ్‌లాంటి చెమ్మగల నగరంలో నిల్వ ఉన్న బిళ్ల త్వరగా ముదురుతుంది. పొడిగా ఉండే కున్‌మింగ్‌లో అదే బిళ్ల చాలా నెమ్మదిగా మారుతుంది. కాబట్టి వయసు ఒక్కటే చెబితే సరిపోదు, ఎక్కడ గడిపిందో కూడా తెలియాలి.

అన్నేళ్లు ఆగలేని గిరాకీ కోసం 1970లలో యున్నాన్ ఫ్యాక్టరీలు మరో దారి కనిపెట్టాయి. ఆకును తడిపి పెద్ద కుప్పలుగా పోసి కప్పుతారు. కుప్ప లోపల వేడి 50, 60 డిగ్రీలకు చేరుతుంది, ఆస్పర్జిల్లస్ వంటి బూజులు పని చేస్తాయి. మధ్యమధ్య తిరగేస్తూ ఒకటిన్నర, రెండు నెలల్లో ముదురు రంగు టీ సిద్ధం చేస్తారు. సూక్ష్మజీవుల పాత్ర నిజంగా ఉన్న టీ ఇది. బ్లాక్ టీని పులియబెట్టారని అనడం వాడుకే గానీ అందులో జరిగేది ఆకు సొంత ఎంజైముల పని.

పుఎర్ ఉదాహరణను పట్టుకుని ఏ టీ అయినా దాస్తే విలువ పెరుగుతుందనుకోవడం పొరపాటు. పదేళ్ల సెంచా పదేళ్ల చెత్తే. సరిగా దాచని పుఎర్ కూడా పాత బిళ్ల అవదు, బూజుపట్టిన బిళ్ల అవుతుంది. వైట్ టీని కూడా పాతదే మేలంటూ అమ్మడం కొన్నేళ్లుగా జోరందుకుంది. అది మెత్తబడి తీపి తిరగడం నిజమే, కానీ ఆ నిజం కంటే ధరలు చాలా ముందుకు పోతున్నాయి.

## లేబుల్ చెప్పేది, చెప్పనిది

ప్యాకెట్ మీద ఉండే తేదీ సాధారణంగా ప్యాక్ చేసిన తేదీ. ఆకు కోసిన తేదీ కాదు. తోట నుంచి వేలానికి, అక్కడి నుంచి గిడ్డంగికి, మిశ్రమం చేసే చోటికి వెళ్లేసరికి నెలలు గడిచిపోయి ఉండవచ్చు. గ్రేడు అక్షరాలు ఆకు పరిమాణాన్ని చెబుతాయి, కప్పులో నాణ్యతను కాదు. కోత కాలం, తోట పేరు ముద్రించిన ప్యాకెట్ కనీసం లెక్క వేసుకునే వీలిస్తుంది.

రుచి చూసేవారికి ఒక ప్రామాణిక పద్ధతి ఉంది. ఐఎస్‌ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల మరిగిన నీటికి 2 గ్రాముల టీ వేసి, మూతపెట్టిన పింగాణీ పాత్రలో 6 నిమిషాలు ఉంచాలి. దీనికి మాతృక అయిన బ్రిటిష్ ప్రమాణానికి 1999లో వ్యంగ్యానికి ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి దక్కింది. నవ్వుకోవడానికి బాగానే ఉన్నా, ఆ పద్ధతి లక్ష్యం కమ్మటి టీ కాదు, లోపాలు దాక్కోలేనంత ఘాటైన టీ. అలా కాచిన బ్లాక్ టీ చల్లారుతున్నప్పుడు మీగడ కలిసినట్టు మసక ఏర్పడితే నిపుణులు సంతోషిస్తారు. థియాఫ్లావిన్లు, కెఫీన్ కలిసి ఏర్పడే ఆ మసక, టీలో సారం దండిగా ఉందనడానికి గుర్తు. ముక్కిన, చెమ్మ పట్టిన టీలో ఆ మసక పలుచబడి, ద్రవం నిర్జీవమైన గోధుమరంగులో ఉంటుంది.

వాడేవారి వైపు నుంచి చూస్తే పెద్ద ప్యాకెట్ ఆదా, టీ విషయంలో తరచుగా నష్టం. తెరిచిన ప్రతిసారీ డబ్బాలో కొత్త గాలి, కొత్త చెమ్మ చేరతాయి. డబ్బా సగానికి వచ్చేసరికి లోపల ఆకు కంటే గాలే ఎక్కువ. మామూలు పాలిథిన్ సంచి చెమ్మను బాగానే ఆపుతుంది గానీ వాసనను, ఆక్సిజన్‌ను అంతగా ఆపలేదు. అల్యూమినియం పొర ఉన్న సంచి, బిగుతు మూత ఉన్న లోహపు డబ్బా మేలు. ఫ్రిజ్‌లో పెట్టడం గ్రీన్ టీకి మంచిదే, పూర్తిగా సీలు చేసి ఉంటే. చల్లని డబ్బాను బయటికి తీసి వెంటనే తెరిస్తే గది గాలిలోని చెమ్మ నీటి బొట్లుగా మారి ఆకు మీదే దిగుతుంది. డబ్బా గది వేడికి వచ్చేదాకా ఆగి మూత తీయాలి. రోజూ తీసి పెట్టే డబ్బాకైతే ఫ్రిజ్ కంటే చీకటి అలమరే సురక్షితం.

చెమ్మ పట్టినా బూజు రాని టీని సన్నని సెగ మీద కాసేపు వెచ్చబెడితే తేమ తగ్గుతుంది, పైపై పాత వాసన కొంత పోతుంది. కానీ ఎగిరిపోయిన లినాలూల్, విరిగిపోయిన థియాఫ్లావిన్ తిరిగి రావు. బూజు కనిపించిన టీకి ఈ చిట్కా కూడా పనికిరాదు, దాన్ని పారేయాల్సిందే.